ఒకే ఓడలో రెండు ప్రయాణాలు

మొన్న మన సంఘం వార్షికోత్సవంనాడు నేను ఓడ ప్రయాణం చేసి వచ్చిన సంగతి ఎలాగో పొక్కింది. అప్పటినుండి కనబడిన ప్రతివారూ నన్ను ఆపి, "ఎంతయింది? కడుపులో తిప్పలేదా? అన్నం దొరికిందా?" అని అడుగుతూనే వున్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పడంకంటె పత్రికలో వ్రాస్తే అందరికీ చేరుతుందని సంపాదకులు అన్నారు. నేను మునిసిపాలిటీ తెలుగు బడిలో అక్షరాలు దిద్ది, మరాఠీలో పదవ తరగతి పరీక్ష గట్టెక్కి, ఇరవైరెండేళ్ళుగా ఒక బట్టల వ్యాపారి ఆఫీసులో లెక్కలు వ్రాస్తున్న గుమాస్తాను. జమాఖర్చులు వ్రాయడమేగాని వ్యాసాలు వ్రాయడం నాకు అలవాటు లేదు. తప్పులుంటే చదువరులు మన్నించవలెను.

ముందుగా, ఒకే ఓడలో రెండు ప్రయాణాలు అంటే ఏమిటో చెబుతాను. విహారానికి తిప్పే పెద్ద ఓడ వారమంతా ఖాళీగా నిలబడదు. వారాంతంలో ముంబయినుండి బయలుదేరి రెండు రాత్రులు సముద్రంలో తిరిగి, ఉదయం రేవుకు వస్తుంది. వచ్చినవారు దిగిపోతారు. గదులు తుడిచి, పక్కబట్టలు మార్చి, కూరగాయలు, పాలు ఎక్కించుకొని, అదే సాయంత్రం ఇంకొక దారిన బయలుదేరుతుంది. మొదటి ప్రయాణం ముగిసినచోట ఇంటికి పోక, రెండవదానికి కూడా టిక్కెట్టు కొని అందులోనే వుండిపోవడమే నేను చెప్పే రెండు ప్రయాణాల పద్ధతి. మేము 2023 డిసెంబరులో అలాగే చేశాము. మొదటిది రెండు రాత్రులు, ఒడ్డు ముట్టకుండా నడిసముద్రంలో తిరిగి వచ్చేది. రెండవది ఐదు రాత్రులు, గోవా మీదుగా లక్షద్వీపాలకు పోయి వచ్చేది.

ఇలా ఎందుకు చేశామో చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంత చెప్పవలసి వుంటుంది. మా తాత కరీంనగరం జిల్లా పల్లెనుండి బొంబాయి వచ్చి కామాటిపురాలో కాపురం పెట్టిన మనిషి. ఆ పేట పేరే మన కామాటీలవల్ల వచ్చిందని మీలో చాలామందికి తెలిసినదే. మా బాపు 1969లో గోదీ పనిలో చేరారు. మూటలు మోయడం, ఓడలోని సరుకు కట్టి గాలంతో ఎత్తించడం, దింపించడం ఆయన పని. 1989లో అవతలి గట్టున నావా షేవా రేవు తెరచిన తరువాత, సరుకంతా ఇనుప పెట్టెలలో రావడం మొదలై, పాత గోదీలో చేతిపని క్రమంగా పడిపోయినది. 2000లో బాపు ముందుగానే విరమించుకొన్నారు. ముప్ఫయి ఒక్క సంవత్సరాలు ఓడల పక్కనే బ్రతికినా, ప్రయాణికుడుగా ఒక్క ఓడ కూడా ఎక్కలేదు.

2021లో మా అమ్మ పోయినది. అప్పటినుండి బాపు మాటలు తగ్గించివేశారు. టీ తాగుతావా అంటే తల ఊపుతారు, అంతే. మా ఆవిడే ఒకనాడు, "మామను ఒకసారి ఓడ ఎక్కిద్దాం" అన్నది. సోలాపూరులో వున్న మా చెల్లెకు ఆ మాట చెప్పాను. మా బావ తువ్వాళ్ళ కార్ఖానాలో పని చేస్తాడు. వారికి శనాదివారాలు తప్ప సెలవు దొరకదు. కాబట్టి చిన్న ప్రయాణం అందరమూ కలిసి, పెద్ద ప్రయాణం మేము ముగ్గురమే అని నిశ్చయించుకొన్నాము. మా అబ్బాయికి కాలేజీ పరీక్షలుండి రాలేదు. నేను పతపేఢీలో అప్పు తీసుకొన్నాను. రెండు టిక్కెట్లకూ కలిపి నా మూడు నెలల జీతం పోయినది. ఆ మాట దాచవలసిన పని లేదు.

బాపుకు తెలిసి కోప్పడ్డారు. "ఏంరా, ముప్పై ఏండ్లు గోదీల ఓడలు చూసిన. మళ్ళ పైసలు పెట్టి చూసుడేంది?" అన్నారు. మా ఆవిడ నవ్వి, "మామా, మీరు కింది నుంచి చూసిండ్రు గాని పై నుంచి చూడలే గదా" అన్నది. ఆయన మారు పలకలేదు. అదే అంగీకారమని మేము అనుకొన్నాము.

ఇక పనికివచ్చే సంగతులకు వస్తాను. టిక్కెట్టు కొనేటప్పుడే నేను ఒక పొరపాటు చేశాను. మొదటి ప్రయాణం ఒక ఏజెంటువద్ద, రెండవది చౌకగా వచ్చిందని మరొక ఏజెంటువద్ద కొన్నాను. అందువల్ల రెండింటికీ వేర్వేరు గదులు పడ్డాయి. ఒకే ఏజెంటువద్ద రెండూ కలిపి కొని, "మాకు ఒకే గది కావలెను" అని ముందే చెప్పివుంటే నడుమ సామాను సర్దుకొనే శ్రమ వుండేది కాదు. గది ఎంచుకొనేటప్పుడు పై అంతస్తు గొప్ప అనుకోకండి. ఊపు తక్కువగా తెలిసేది ఓడ నడిమి భాగంలో, క్రింది అంతస్తులలో. కిటికీలేని లోపలి గదికి ధర తక్కువ. మేము లోపలి గదే తీసుకొన్నాము. పగలంతా పై తట్టుమీదనే గడుపుతాము కనుక ఆ లోటు కనబడలేదు. కిటికీ గది కొనగలవారికి ఒక సూచన. ముంబయినుండి దక్షిణానికి పోయేటప్పుడు ఎడమ పక్క గదులకు ఒడ్డు, కుడి పక్క గదులకు సూర్యాస్తమయం కనబడతాయి. తిరుగు ప్రయాణంలో ఇది తారుమారు అవుతుంది.

కాలం సంగతి కూడా చూచుకోవలెను. జూన్ మొదలు సెప్టెంబరు వరకు అరేబియా సముద్రం నైరుతి వానగాలులతో ఉడికిపోతుంది. డిసెంబరు, జనవరి నెలలలో నీరు మెత్తగా వుంటుంది.

ఎక్కేచోటు బాలార్డ్ ఎస్టేటులోని గ్రీన్ గేటు. బాపుకు ఆ గేటు కంఠపాఠమే. లోపల వున్నది ఇందిరా డాకు. 1914లో కట్టినప్పుడు దానిని అలెగ్జాండ్రా డాకు అనేవారు. అక్కడ పెద్ద సామాను తీసుకొని, చీటీ కట్టి, తరువాత గదివద్దకు చేరుస్తారు. ఇక్కడ నా రెండవ పొరపాటు. బాపు రక్తపు పోటు మాత్రలు పెద్ద పెట్టెలో పెట్టాను. ఆ పెట్టె గదికి చేరేసరికి రాత్రి తొమ్మిదయినది. ఆ నాలుగు గంటలూ నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. కాబట్టి మందులు, కళ్ళద్దాలు, అసలు ఆధారు కార్డు, ఒక జత బట్టలు ఎల్లప్పుడూ చేతిసంచిలో వుండవలెను. మందులు రెండు ప్రయాణాల రోజులకూ లెక్కించి, పైన ఇంకో మూడు రోజులకు సరిపడా తీసుకోండి. నడిసముద్రంలో మందుల దుకాణం వుండదు. ఓడలో డాక్టరు వుంటాడుగాని మీకు అలవాటైన మాత్రే అక్కడ దొరకాలని లేదు.

తినే వస్తువులు బయటనుండి తీసుకుపోనివ్వరు. మా చెల్లె ఎంతో ప్రేమగా తెచ్చిన మామిడికాయ తొక్కు సీసా తనిఖీలో బయటపడింది. దానిని చీటీ వేసి ప్రక్కన పెట్టి, దిగేటప్పుడు ఇచ్చారు. ఇస్త్రీపెట్టె, నీళ్ళు కాచే విద్యుత్ చెంబు కూడా ఇంటివద్దనే వదలండి. ఓడకు నిప్పుకంటె పెద్ద భయం లేదు.

మేము ఎక్కిన ఓడ 1990లో ఫ్రాన్సు దేశపు సాన్ నజేర్ రేవులో కట్టినది. చాలా ఏళ్ళు అమెరికా తీరాలలో తిరిగి, 2021లో మన రేవులకు వచ్చింది. పొడవు 210 మీటర్లు. బాపు మెట్లవంతెన ఎక్కి, లోపలి అద్దాల మెట్లూ దీపాలూ చూడకుండా, ముందుగా గోడను చేత్తో తట్టి చూచారు. "రేకు మంచిదే" అన్నారు.

బయలుదేరేముందు అందరినీ ఒకచోటికి పిలిచి ప్రాణరక్షణ అభ్యాసం చేయిస్తారు. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వినబడితే లైఫ్ జాకెట్టు వేసికొని మన గుంపు చేరవలసిన చోటికి పోవలెను. 1912లో టైటానిక్ ఓడ మునిగిన తరువాత పలు దేశాలు కూర్చొని 1914లో సముద్ర ప్రాణరక్షణ ఒప్పందం చేసుకొన్నాయి. ఈ నియమాలకు మూలం అదే. చాలామంది ఫోటోలు తీసుకొంటూ కబుర్లలో వున్నారు. బాపు ఒక్కరే నిటారుగా నిలబడి, చెప్పినదంతా విని, మా చెల్లె పిల్లల జాకెట్టు పట్టీలు తానే బిగించారు. 1944 ఏప్రిల్ 14న విక్టోరియా డాకులో ఫోర్ట్ స్టైకిన్ అనే ఓడ పేలి వందలమంది చనిపోయారు. ఆ తేదీనే నేటికీ దేశమంతటా అగ్నిమాపక సేవా దినంగా పాటిస్తున్నాము. మా తాత ఆ పొగను కామాటిపురానుండి చూచాడట. గోదీ ఇళ్ళలో పెరిగినవారికి ఇటువంటి అభ్యాసాలు వేడుక కావు.

మొదటి రాత్రి మా ఆవిడకు కడుపులో తిప్పింది. మా గదులు సర్దే అబ్బాయి శ్రీకాకుళం జిల్లావాడు. మేము తెలుగు మాట్లాడుకోవడం విని పరుగున వచ్చాడు. "అమ్మా, గదిలో పడుకోకండి. పైకి వెళ్ళి, నీరూ ఆకాశమూ కలిసే గీత వైపు చూస్తూ కూర్చోండి. కడుపు ఖాళీగా వుంచకండి" అని చెప్పి ఒక పచ్చ ఆపిలు తెచ్చి ఇచ్చాడు. గంటలో కుదుటపడింది. వాంతుల మాత్ర వేసికొనదలచినవారు ఎక్కకముందే వేసికోవలెను. ముసలివారికి ఆ మాత్ర మత్తు తెస్తుంది కనుక డాక్టరును అడగకుండా ఇవ్వకండి.

ఆ అబ్బాయి పక్క సర్దడానికి వచ్చినప్పుడల్లా బాపు లేచి దుప్పటి రెండవ కొస పట్టుకొనేవారు. "తాతగారూ, మీరు కూర్చోండి, ఇది నా పని" అని అతడు బ్రతిమాలేవాడు. "ఇద్దరు పడితె అల్కగైతది బిడ్డా" అని బాపు వినేవారు కాదు. అతనికి ఎనిమిది నెలల ఒప్పందమట. అప్పటికి మూడే గడిచాయి. మనకు ఏడు రోజుల వినోదం, వాళ్ళకు ఎనిమిది నెలల కూలి. అందుచేత దిగేటప్పుడు చేతనైనంత వారి చేతిలో పెట్టడం మర్యాద.

మొదటి ప్రయాణం పిల్లల అల్లరితో గడిచిపోయినది. బాపు మాత్రం భోజనాల బల్లవద్ద ముళ్ళమీద కూర్చున్నట్లు వున్నారు. తెల్లబట్టల కుర్రాళ్ళు వంగి వడ్డిస్తుంటే ఆయనకు ముద్ద దిగలేదు. రేవుకు చేరే ఉదయం నేను లేచేసరికి తన సంచి సర్దుకొని కూర్చున్నారు. "చాలు రా. నేను చెల్లెతోని దిగిపోత. మీరిద్దరు పోయి రాండ్రి" అన్నారు.

టిక్కెట్టు డబ్బు తిరిగి రాదని చెప్పాను. "పోతే పోనీ" అన్నారు. నాకు కోపం వచ్చింది. మూడు నెలల జీతం, పతపేఢీ అప్పు, అన్నీ ఒక్కసారి నోటికి వచ్చాయి. అనరాని మాట కూడా ఒకటి అన్నాను. "నీకు ఏది చేసినా గిట్టదు బాపూ, అమ్మ వున్నప్పుడూ ఇంతే" అన్నాను. ఆయన నా వైపు చూడలేదు. చెల్లె కళ్ళు తుడుచుకొన్నది. ఈ మాట వ్రాయనా మాననా అని చాలాసేపు ఆలోచించి, నిజమే వ్రాయవలెనని వ్రాస్తున్నాను.

ఆ ఉదయం చేయవలసిన పనులు మాత్రం ఆగవు. రెండు ప్రయాణాలు చేసేవారికి అసలు తిరకాసు ఆ పూటే. ఓడలో నగదు చెల్లదు. ఎక్కినప్పుడు ఇచ్చే కార్డుమీదనే ఖర్చులన్నీ వ్రాస్తారు. మొదటి ప్రయాణం లెక్క ఆ ఉదయమే మూసివేస్తారు. ముందురోజు రాత్రే బిల్లు తెప్పించుకొని పద్దు పద్దుగా చూచుకోండి. తెల్లవారితే ఆ కౌంటరువద్ద బారెడు వరుస వుంటుంది. పాత కార్డు ఆ పూటనుండి గది తలుపు తెరవదు. కొత్త కార్డు తీసుకోవలెను. గది మారేవారు సామాను కట్టి తలుపువద్ద పెడితే పనివాళ్ళు చేరవేస్తారు. కొక్కేలకు తగిలించిన బట్టలు మడవకుండా అలాగే వుంచవచ్చు. ఇంటర్నెట్టు కొన్నవారు అది కూడా మొదటి ప్రయాణంతో సరి అని గుర్తుంచుకోవలెను. ఒడ్డు దాటిన కాసేపటికి మామూలు ఫోను పలకదు. కనుక ఇంటికి చేయవలసిన ఫోన్లు ఆ పగలే చేసికోండి.

తరువాత, మాలాగా వుండిపోయేవారిని ఒకచోట చేర్చి, అందరినీ కలిపి క్రిందికి దింపి, పత్రాలు చూచి, తనిఖీ చేసి మళ్ళీ ఎక్కించారు. ఒక ప్రయాణం జాబితా చెల్లిపోయి మరొక జాబితా మొదలు కావాలి కదా. మన ఆఫీసులలో మార్చి 31న పాత పద్దులు మూసి ఏప్రిల్ 1న కొత్త పుస్తకం తెరచినట్లే. గంట, గంటన్నర పడుతుంది. కూర్చోవడానికి చోటు, తాగడానికి నీరు ముసలివారికి ముందే చూచుకోండి.

మేమంతా కలిసే దిగాము. బాపు సంచి భుజాన వేసుకొని చెల్లె వెంట గేటు వైపు నడుస్తున్నారు. ఒక ప్రక్క ఓడలోకి కూరగాయల పెట్టెలు, నీళ్ళ సీసాలు బండ్లతో ఎక్కిస్తున్నారు. ఒక బండి ఎత్తిన సరుకు మా ముందు కొంచెం వూగింది. బాపు ఒక్క ఉదుటున మా ఆవిడ చేయి పట్టి నాలుగు అడుగులు వెనక్కు లాగారు. "సరుకు కింద నిలవడద్దు బిడ్డా, ఎన్నడు నిలవడద్దు" అన్నారు. గొంతు వణికింది.

అది చూచి, బండ్లవద్ద నిలబడివున్న నెరసిన జుట్టు మనిషి దగ్గరకు వచ్చాడు. మరాఠీలో, "కాకా, మీరు గోదీలో చేసినవారా?" అని అడిగాడు. బాపు తల ఊపారు. "ఏ టోలీ?" అన్నాడు. బాపు చెప్పారు. అతని తండ్రి కూడా అదే గోదీలో మూటలు మోసినవాడట. ఇద్దరూ పది నిమిషాలు ఏవేవో షెడ్ల నెంబర్లూ, ముకద్దముల పేర్లూ చెప్పుకొన్నారు. అమ్మ పోయిన తరువాత బాపు అన్ని మాటలు మాట్లాడటం నేను అదే చూడటం. చివరకు అతడు, "ఇప్పుడు ఎక్కడికి కాకా?" అన్నాడు. బాపు నా వైపు చూచారు. "గోవా, ఆ తరువాత లక్షద్వీపాలు" అన్నాను. అంతవరకు నేను లక్షద్వీపాలనే చెప్పానుగాని నడుమ గోవాలో ఆగుతుందని ప్రత్యేకంగా చెప్పలేదు.

"గోవాల ఆగుతదా? దిగనిస్తరా?" అని బాపు అడిగారు. దిగనిస్తారని చెప్పాను. ఆయన కాసేపు నిలబడి, చెల్లె తలమీద చేయి వేసి, "నువ్వు పదిలంగ పో బిడ్డా" అని, వెనక్కు తిరిగి తనిఖీ వరుసలో నిలబడ్డారు. ఎందుకు మనసు మారిందో నాకు బోధపడలేదు. అడగడానికి నోరూ రాలేదు.

ఓడ సాయంత్రం కదిలింది. మళ్ళీ ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత. మొన్ననే చేశాముగదా అంటే వదలరు. ప్రతి ప్రయాణానికీ అభ్యాసం చేయవలసినదే. ఆ తరువాత బాపు పై తట్టుమీద కమ్మీ పట్టుకొని నిలబడ్డారు. క్రింద షెడ్లు, క్రేన్లు అగ్గిపెట్టెలంత అయినవి. "నేను గట్ల కనబడేటోన్ని గావచ్చు, పైనోళ్ళకు" అన్నారు. తరువాత తానే చెప్పడం మొదలుపెట్టారు.

ఆయన టోలీలో మా తాత ఊరివాడే ఒక స్నేహితుడు వుండేవాడట. ఆ రోజులలో భావుచా ధక్కానుండి గోవాకు కొంకణ తీరం వెంట స్టీమరు పోయేది. చాపలు పరచుకొని తట్టుమీద పడుకొని పోవచ్చు. 1983లో బోనసు రాగానే ఇద్దరూ భార్యలతో గోవా పోయి రావలెనని అనుకొన్నారు. చాప కూడా కొన్నారు. ఇంకా రెండు వారాలుందనగా, ఎత్తుతున్న సరుకు తాడు జారి ఆ స్నేహితునిమీద పడింది. బాపు నాలుగు అడుగుల దూరంలో వున్నారు. భార్య చంటిబిడ్డతో ఊరికి వెళ్ళిపోయినది. ఆ పిల్లవాడు పెద్దవాడై పనిలో చేరేవరకు బాపు నెలనెలా మనియార్డరు పంపారట. అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

చిన్నప్పుడు జీతం వచ్చిన మరునాడు బాపు పోస్టాఫీసుకు పోవడం నాకు గుర్తున్నది. కొత్త చొక్కా అడిగితే వచ్చే నెల అనడం కూడా గుర్తున్నది. ఇరవైరెండేళ్ళు ఇతరుల లెక్కలు వ్రాసినవాణ్ణి, మా ఇంటి లెక్కలో ఈ పద్దు వున్నదని ఎరుగను. ఉదయం అన్న మాటకు సిగ్గుపడి, "బాపూ, పొద్దున తప్పు మాట్లాడిన" అన్నాను. "మీ అమ్మ గూడ నన్ను గట్లనే తిట్టేది" అని ఆయన నవ్వారు.

గోవాలో ఓడ మార్ముగావ్ రేవులో ఆగుతుంది. దిగేవారు ఓడ గడియారం చూచుకొని, ఎక్కవలసిన సమయానికి ఒక గంట ముందే తిరిగి రావలెను. ఓడ ఎవరికోసమూ ఆగదు. పొద్దున దిగి పాత గోవా, పంజిం అన్నీ చుట్టి రావాలని ఆశపడేవారు ట్రాఫిక్కును లెక్కలో వేసుకోవలెను. మేము ఎక్కడికీ పోలేదు. రేవుకు దగ్గరలోనే వాస్కో ఊరిలో బైనా అనే సముద్రపు ఒడ్డు వున్నది. టాక్సీలో అక్కడికి పోయాము. బాపు చెప్పులు విడిచి, పంచె మోకాళ్ళదాకా ఎత్తి, నీళ్ళలో పావుగంట నిలబడ్డారు. మేము దూరంగా వున్నాము. తిరిగి వచ్చి, "పా, ఓడ పోతది" అన్నారు. అంతే.

ఆ తరువాత ఒక పగలంతా నీరే. ఓడ గంటకు పదహారు నాట్ల వేగంతో, అనగా సుమారు ముప్ఫయి కిలోమీటర్లు పోతుంది. లక్షద్వీపాలు మొత్తం 36. అందులో జనం వుండేవి పదే. అన్నీ కలిపినా 32 చదరపు కిలోమీటర్లు. పగడపు పురుగుల గూళ్ళు యుగాల తరబడి పేరుకొని ఏర్పడిన నేల అది. మాట మలయాళం. మినికాయ్ ద్వీపంలో మాత్రం మహల్ భాష. అక్కడ కాలు పెట్టడానికి మనదేశస్థులకు కూడా అనుమతి పత్రం కావలెను. ఓడవారే దానిని తెప్పిస్తారుగాని, అందుకు అడిగిన కాగితాలు ముందే పంపవలెను.

మేము పోయినది అగత్తి ద్వీపానికి. చుట్టూ పగడపు గట్టు, లోతు తక్కువ కనుక పెద్ద ఓడ దూరంగా నిలుస్తుంది. చిన్న పడవలలోకి దిగి పోవలెను. ఓడా పడవా రెండూ వూగుతుంటే ఆ అడుగు వేయడం మోకాళ్ళ నొప్పులవారికి ప్రమాదం. గాలి ఎక్కువైతే అసలు దింపరు. డబ్బు కట్టాముగదా అని దెబ్బలాడి లాభం లేదు. బాపు పడవను ఒక్క చూపు చూచి, "ఇది నా కాళ్ళతోని కాదు" అన్నారు. నేను ఆయనతో వుండిపోయాను. మా ఆవిడ ఇతర స్త్రీలతో పోయి వచ్చి, నీలిమందు కలిపినట్లున్న నీళ్ళను, అందులో రంగు రంగుల చేపలను రెండు రోజులు వర్ణించింది. ఏమీ తేలేదు. అక్కడి పగడాలు ఏరి తేవడం చట్టరీత్యా నేరం. ఎవరైనా ఏరుతుంటే వారించండి.

భోజనం సంగతి అందరూ అడుగుతున్నారు. శాకాహారానికి లోటు లేదు. కాని రెండు ప్రయాణాలు చేసేవారికి వంటకాలు తిరిగి తిరిగి అవే వస్తాయి. నాలుగవ రోజుకు నెయ్యి వాసనకే మొహం మొత్తింది. మొహమాటపడక వడ్డించేవారిని అడిగితే తెల్లన్నం, పప్పు, పెరుగు తెచ్చి ఇచ్చారు. బాపు అప్పటినుండి తృప్తిగా తిన్నారు. బట్టలు ఏడు రోజులకూ మోయనక్కరలేదు. నాలుగు జతలు చాలు. చాకలి పనికి వస్తువుకింత అని తీసుకొంటారు కనుక, చిన్నవి స్నానాల గదిలో రాత్రి ఉతికి ఆరవేసుకోండి.

ఇంత ఖర్చుకు తగినదేనా అని అడిగేవారికి నా జవాబు ఇది. వినోదం మాత్రమే కోరేవారికి రెండు రాత్రుల ప్రయాణం చాలు. పెద్దలను తీసుకుపోయేవారికి రెండూ కలిపి చేయడమే మంచిది. మొదటి రెండు రోజులు వారికి ఆ చోటు అలవాటు కావడానికే పోతాయి. మేము దిగిపోయివుంటే మా బాపు సంగతి మాకు ఎన్నటికీ తెలిసేది కాదు. పతపేఢీ అప్పు 2025లో తీరింది.

వచ్చిన తరువాత ఆ స్నేహితుని కొడుకు ఎక్కడున్నాడో ఊరివాళ్ళద్వారా వాకబు చేసి ఫోను చేశాము. జగిత్యాలలో ఎలక్ట్రీషియను. బాపు అతనితో ఇప్పుడు ప్రతి ఆదివారం మాట్లాడుతున్నారు.

మన సంఘంలో గోదీలోనూ, మిల్లులలోనూ పనిచేసిన పెద్దలు ఇంకా కొందరు మిగిలి వున్నారు. అందరూ వారిని ఓడ ఎక్కించనక్కరలేదు. ఒక పూట ప్రక్కన కూర్చొని అడగండి. అదే నా మనవి.